జాయ్‌స్టిక్ లాక్కుని సినిమా చూపిస్తే తృప్తి ఉంటుందా?

మా ఇంట్లో టీవీ గేమ్ ఉన్న రోజుల్లో ఎక్కువగా ఆడింది మారియోనే. 1985లో నింటెండో తెచ్చిన ఆట అది. మా దాకా వచ్చేసరికి ఒకే క్యాసెట్‌లో బోలెడు ఆటల మధ్య ఒకటిగా వచ్చింది. ఇద్దరు ఆడొచ్చు, కానీ ఇద్దరూ ఒకేసారి ఆడటానికి లేదు. మొదటివాడు మారియో, రెండోవాడు లూయిజీ. మారియో చచ్చేదాకా లూయిజీ ఆగాలి. మా ఇంట్లో మారియో ఎప్పుడూ మా అన్నే. తను బాగా ఆడేవాడు కాబట్టి నా వంతు ఓ పట్టాన వచ్చేది కాదు. నేను పక్కన నేల మీద కూర్చుని, నా వంతు వచ్చేదాకా పనిచేయని రెండో జాయ్‌స్టిక్ పట్టుకుని, తను గొయ్యి దగ్గరికి రాగానే నా బటన్ కూడా నొక్కేసేవాణ్ణి. మారియో దూకేవాడు. ఆ గెంతుకీ నా బొటనవేలికీ ఏ సంబంధమూ లేదని నాకు తెలుసు. అయినా నొక్కకుండా ఉండలేకపోయేవాణ్ణి.

వీడియో గేముల ఆధారంగా తీసిన యాక్షన్ సినిమా ఏది చూసినా నాకు ఆ నేల మీద కూర్చున్న సాయంత్రాలే గుర్తొస్తాయి. థియేటర్లో కూర్చున్న గేమర్లందరూ లూయిజీలే. తేడా ఒక్కటే, ఇక్కడ వంతు ఎప్పటికీ రాదు.

ఈ సినిమాలు ప్రేక్షకుల్ని తృప్తి పరుస్తున్నాయా అన్న ప్రశ్న ముప్ఫై ఏళ్లుగా నలుగుతోంది. ఒకప్పుడు జవాబు చెప్పడం తేలిక. గేమ్ సినిమా అంటే ఫ్లాపే అని అందరూ తీర్మానించేసిన రోజులవి. 2023లో మారియో యానిమేషన్ సినిమా ప్రపంచవ్యాప్తంగా 136 కోట్ల డాలర్లు, 2025లో మైన్‌క్రాఫ్ట్ సినిమా 95 కోట్ల డాలర్లకు పైగా వసూలు చేశాక, ఇక శాపం తీరిపోయిందని రాయడం మొదలుపెట్టారు. నాకైతే ఆ మాటా సగమే నిజం, ఈ మాటా సగమే నిజం. ప్రేక్షకులు అంటున్నది ఎవరిని, తృప్తిని కొలుస్తున్నది దేంతో అన్నవి ముందు తేలాలి.

కొలత దగ్గరే చిక్కు

అదే మారియో సినిమాను తీసుకుందాం. సమీక్షల్ని ఒకచోట పోగేసే రాటెన్ టొమాటోస్ వెబ్‌సైట్‌లో విమర్శకుల వైపు 59 శాతం ఉంటే, ప్రేక్షకుల వైపు 95 శాతం ఉంది. ఇక్కడ చాలామంది పొరబడే విషయం ఒకటుంది. 59 శాతం అంటే సినిమాకి నూటికి 59 మార్కులు పడ్డాయని కాదు. రాసిన ప్రతి వందమంది విమర్శకుల్లో 59 మంది 'బాగుంది, చూడొచ్చు' అనే వైపు ఉన్నారని. వాళ్లకి ఎంత బాగుందో, మిగతావాళ్లకి ఎంత విసుగు పుట్టిందో ఆ అంకెలో కనపడదు. ఇంకో కొలత సినిమాస్కోర్. అమెరికాలో విడుదల రోజు సినిమా చూసి బయటికొచ్చేవాళ్లని అడిగి గ్రేడ్ ఇస్తారు. మారియోకి 'ఎ' వచ్చింది. అదే ఏడాది వచ్చిన 'ఫైవ్ నైట్స్ ఎట్ ఫ్రెడ్డీస్' అనే హారర్ సినిమాను విమర్శకులు చాలామంది తీసిపారేసినా, దానికి 'ఎ మైనస్' పడింది. విడుదల రోజే ఎవరు వెళతారు? ఆ ఆట మీద ప్రాణం పెట్టుకున్నవాళ్లు. మొదటాట చూసి హాల్లోంచి వస్తున్న అభిమానిని గేటు దగ్గర ఆపి ఎలా ఉందని అడిగితే ఏం చెబుతాడో తెలుగువాళ్లకి వేరే చెప్పక్కర్లేదు. ఆ గ్రేడ్ అబద్ధమని నేననను. కాకపోతే అది ఒక వర్గం తృప్తి.

వసూళ్లు చూస్తే ఇంకో రకం గందరగోళం. 2016లో వచ్చిన 'వార్‌క్రాఫ్ట్' ప్రపంచమంతా కలిపి దాదాపు 44 కోట్ల డాలర్లు తెచ్చింది. అందులో అమెరికా వాటా 4.7 కోట్లే. సగం దాకా ఒక్క చైనా నుంచే వచ్చింది, ఎందుకంటే అక్కడ నెట్ సెంటర్లలో ఒక తరం మొత్తం ఆ ఆట ఆడుతూ పెరిగింది. అమెరికాలో ఆ సినిమాకి వెళ్లిన మామూలు ప్రేక్షకుడికి మాత్రం పేర్లు గుర్తుపెట్టుకోవడమే పెద్ద పని అయింది. ఒకే సినిమా ఒక దేశంలో పండగ, ఇంకో దేశంలో పరీక్ష.

అంటే ఈ సినిమాలకి ప్రేక్షకులు రెండు రకాలు, కోరుకునేది కూడా రెండు రకాలు. ఆట ఆడినవాడు తను అక్కడ గడిపిన గంటలకి ఓ గుర్తింపు కోరుకుంటాడు. ఆడనివాడికి మామూలుగా ఓ మంచి సినిమా కావాలి. 2022లో వచ్చిన 'అన్‌చార్టెడ్'లో ఓ చిన్న సీన్ ఉంది. హీరో, హీరోయిన్ విమానంలోంచి సముద్రంలో పడి, ఎలాగో తేలి ఒక రిసార్ట్ బీచ్‌కి చేరతారు. అక్కడ సేద తీరుతున్న ఒకాయన వాళ్లని చూసి, తనకీ ఒకసారి ఇలాంటిదే జరిగిందంటాడు. అంతే, సీన్ అయిపోయింది. ఆయన నోలన్ నార్త్. ఆటల్లో ఆ హీరో నేథన్ డ్రేక్‌కి గొంతు ఇచ్చినవాడు. ఆట ఆడినవాడికి ఆ గొంతు వినపడగానే ఒళ్లు పులకరిస్తుంది. పక్క సీట్లో ఆడనివాడు మాత్రం ఆయనెవరో, ఎందుకొచ్చాడో అర్థంకాక పాప్‌కార్న్ తింటుంటాడు. ఒకే సీను, పక్కపక్క సీట్లలో రెండు సినిమాలు. గొప్పతనం ఏమిటంటే, ఆ సీను ఎవరికీ అడ్డు రాలేదు. తెలిసినవాడికి కానుక, తెలియనివాడికి నాలుగు సెకన్లు. చాలా సినిమాలకి ఈ మాత్రం లెక్క కూడా కుదరలేదు.

చేతికి తెలిసిన యాక్షన్

నా దృష్టిలో అసలు సమస్య కథలో లేదు, తారాగణంలో లేదు. యాక్షన్ అనే మాటకే ఆటలో ఒక అర్థం, సినిమాలో ఇంకో అర్థం. నిర్మాతలు ఆ రెంటినీ ఒకటే అనుకున్నారు. ఆటలో తుపాకులున్నాయి, దూకుళ్లున్నాయి, ఛేజింగ్‌లున్నాయి, కాబట్టి తెర మీద పెడితే సరిపోతుందని లెక్కేశారు.

'అసాసిన్స్ క్రీడ్' ఆట ఆడినవాళ్లకి ఒక పని బాగా గుర్తుంటుంది. ఊళ్లో ఎత్తైన గోపురమో చర్చి శిఖరమో ఎంచుకుని ఎక్కడం మొదలుపెడతారు. రాయి రాయి చూసుకుంటూ, ఒక చోట పట్టు దొరక్క పక్కకి జరుగుతూ, ఒక్కోసారి జారిపడి మళ్లీ కింద నుంచి మొదలుపెడుతూ, చివరికి పైకి చేరతారు. అక్కడ కెమెరా చుట్టూ తిరిగి ఊరంతా చూపిస్తుంది. ఎక్కడో గద్ద అరుస్తుంది. తర్వాత అంచు మీద నిలబడి బటన్ నొక్కితే, చేతులు చాపి తలకిందులుగా దూకి కింద గడ్డిబండిలో పడతాడు మన మనిషి. ఆ దూకుడు అంత హాయిగా ఉండటానికి కారణం దానికి ముందు ఎక్కిన ఐదు నిమిషాలు.

2016లో మైకేల్ ఫాస్‌బెండర్‌తో దీన్ని సినిమాగా తీసినప్పుడు ఆ దూకుడు కోసం గ్రాఫిక్స్ మీద ఆధారపడలేదు. డేమియన్ వాల్టర్స్ అనే స్టంట్‌మ్యాన్ నిజంగానే సుమారు 125 అడుగుల ఎత్తు నుంచి తాడు లేకుండా ఎయిర్‌బ్యాగ్ మీదకి దూకాడు. ఆ ధైర్యానికి నేను చేతులెత్తి దండం పెడతాను. కానీ సినిమాలో అది వచ్చినప్పుడు నాకు గుండె జారలేదు. ఎక్కింది నేను కాదు. ఆట మొదటిసారి ఆడినప్పుడు బొమ్మ దూకితేనే నా పొట్టలో ఏదో తిరిగింది. ఇక్కడ నిజం మనిషి నిజంగా దూకితే అలా జరగలేదు. దానికి తోడు, ఆ సినిమా ఎక్కువ సేపు 1492 నాటి స్పెయిన్‌ని వదిలేసి ఇప్పటి కాలంలోని ఓ ల్యాబ్‌లో తిరుగుతుంది. ఆటగాళ్లు మనసు పారేసుకున్నది పాత ఊళ్ల మీద, ఆ మేడల మీద. సినిమా ఆ ఆటగాళ్లని తీసుకెళ్లి సిమెంటు గదిలో కూర్చోబెట్టింది.

ఇంకో ముడి కూడా ఉంది, దీన్ని గురించి తక్కువ మాట్లాడుకుంటాం. చాలా యాక్షన్ ఆటలు అసలు పుట్టిందే సినిమాల్లోంచి. 2001 నాటి 'మాక్స్ పేన్' ఆటలో కాలం నెమ్మదించి తూటాలు కళ్లముందు సాగే ఆ పద్ధతి హాంకాంగ్ యాక్షన్ సినిమాల మీద ప్రేమతో పెట్టుకున్నదే. 'అన్‌చార్టెడ్' ఆటలు ఇండియానా జోన్స్ సినిమాల దారిలో నడిచాయి. నిధులు వెతికే హీరో, పాడుబడ్డ గుళ్లు, చివరి క్షణంలో తప్పించుకోవడం అన్నీ అక్కడివే. ఆటల గొప్పతనం వాటిని కొత్తగా కనిపెట్టడంలో లేదు. ఇన్నాళ్లూ తెర మీద చూసినదాన్ని ఇప్పుడు నువ్వే చెయ్యి అని మన చేతిలో పెట్టడంలో ఉంది. మళ్లీ అదే ఆటని సినిమాగా మార్చినప్పుడు మిగిలేది ఏమిటి? సినిమాకి నకలు ఆట, ఆటకి నకలు సినిమా. మధ్యలో ఆట చేర్చిన ఒకే ఒక్క కొత్త వస్తువు, మన చెయ్యి, జారిపోయింది.

2011లో వచ్చిన 'అన్‌చార్టెడ్ 3'లో సరుకు విమానం ఘట్టం చాలా పేరున్నది. విమానం వెనక తలుపు తెరుచుకుని సామాన్లు గాల్లోకి ఎగిరిపోతుంటే, డ్రేక్ వాటిని పట్టుకుని వేలాడుతూ తిరిగి లోపలికి పాకుతాడు. ఆడేటప్పుడు అరచేతులకి చెమట పట్టేది. నిజానికి ఆ ఘట్టంలో మనం చేసేది చాలా తక్కువ, స్టిక్ ముందుకు తోసి పట్టుకోవడమే. ఆ కాస్త పట్టు చాలు, వదిలేస్తే పడిపోతానన్న భయం మనదవుతుంది. సినిమా ఇదే ఘట్టంతో మొదలవుతుంది. టామ్ హాలండ్ గాల్లో వేలాడే పెట్టెల మీద ఒకదాని నుంచి ఇంకోదానికి గెంతుతాడు. కష్టపడి తీశారు, కళ్లకి బాగుంది. కానీ సినిమా మొదలైన మొదటి నిమిషంలో హీరో చచ్చిపోడని చిన్నపిల్లాడికి కూడా తెలుసు. సినిమా 40 కోట్ల డాలర్లు తెచ్చింది, ప్రేక్షకులు బాగుందన్నారు కూడా. సెలవు రోజున సరదాగా చూడ్డానికి సరిపోయే సినిమా అది. అరచేతులకి మాత్రం చెమట పట్టదు.

పోనీ, ఆటగాడి కళ్లతోనే చూపిస్తే? 2005లో వచ్చిన 'డూమ్' ఆ ప్రయత్నం చేసింది. చివర్లో ఐదు నిమిషాల పాటు కెమెరా హీరో కళ్లు అయిపోతుంది. అచ్చం ఆటలోలాగే తెర కింది భాగంలో తుపాకీ, ఎదురుగా నడవా, మలుపు దగ్గర రాక్షసులు. ఆ సినిమాలో జనం ఇప్పటికీ తలుచుకునేది ఆ ఐదు నిమిషాలనే. మొదటి నిమిషం నాకూ కుర్చీలో వెన్ను నిటారుగా అయింది. తర్వాత ఒక చోట ఎడమ వైపు ఏదో కదిలినట్టు అనిపించి అటు తిరగాలనిపించింది. కెమెరా కుడికి తిరిగింది. అక్కడితో తెగిపోయింది. ఆటలో తల తిప్పే హక్కు మనది. సినిమాలో అదే చూపు ఉంది గానీ మెడ ఇంకెవరిదో.

జర్మన్ దర్శకుడు ఊవే బోల్ 2003లో 'హౌస్ ఆఫ్ ది డెడ్' తీస్తూ ఇంకా సూటి దారి పట్టాడు. కొట్లాటల మధ్య అసలు ఆటలోని దృశ్యాలనే ముక్కలుగా తెచ్చి అతికించాడు. చూసినవాళ్ల కోపం అంతా ఇంతా కాదు. నాణెం వేయకుండా ఆర్కేడ్ మెషిన్ ముందు నిలబెట్టినట్టుంటుంది.

ఆటని అర్థం చేసుకున్న సినిమాలు

విచిత్రంగా, ఆట లోపలి రుచిని బాగా పట్టుకున్న సినిమాలు చాలావరకు ఏ ఆట మీదా తీసినవి కావు. 2023లో వచ్చిన 'జాన్ విక్' నాలుగో భాగంలో పారిస్‌లోని ఓ పాడుబడ్డ ఇంట్లో పోరాటం ఉంది. కెమెరా పైకప్పు మీదకి వెళ్లిపోయి, గదులన్నీ పై నుంచి పటంలా కనపడుతుంటే, కట్ లేకుండా హీరో వెంట సాగుతుంది. దర్శకుడు చాడ్ స్టాహెల్స్కీకి ఆ ఆలోచన ఒక వీడియో గేమ్ చూసి వచ్చిందే. ఆ సీను అంత తృప్తిగా ఎందుకుంటుంది? ఏ గదిలో ఎవరున్నారో, ఏ తలుపు ఎటు తెరుచుకుంటుందో హీరోతో పాటు మనకీ తెలుస్తుంది. అటు వెళ్లకు, ఇటు రా అని మనసులో మనం ఆడేస్తుంటాం. ఆటలో యాక్షన్ అంటే ముందుగా స్థలం తెలియడం. దాక్కోవడానికి గోడ ఎక్కడుంది, తూటాలు ఎన్ని మిగిలాయి, తప్పించుకునే దారి ఏది అన్న లెక్క. చాలా గేమ్ సినిమాల్లో ఫైట్ మొదలవగానే సెకనుకో కట్ పడి, ఎవడు ఎక్కడున్నాడో తెలియకుండా పోతుంది. ఆటగాడికి అంతకంటే అన్యాయం లేదు. తనకి అలవాటైన ఒకే ఒక్క విద్యని అక్కడ వాడనివ్వరు.

రెండోది చావు. ఆటలో చావు అంతం కాదు, పాఠం. నలభైసార్లు చచ్చి, నలభై ఒకటోసారి ఆ బాస్‌ని, అంటే దారికి అడ్డంగా నిలబడ్డ పెద్ద శత్రువుని, కొడితే వచ్చే ఆనందాన్ని రెండు గంటల సినిమా ఎలా ఇస్తుంది? హీరో నలభైసార్లు ఓడిపోవడం చూపించలేరు కదా. టామ్ క్రూజ్ నటించిన 'ఎడ్జ్ ఆఫ్ టుమారో' (2014) సరిగ్గా అదే చూపించింది. యుద్ధంలో చచ్చిన ప్రతిసారీ హీరో ముందు రోజుకి వెళ్లి లేస్తాడు, కిందటిసారి నేర్చుకున్నది ఈసారి వాడతాడు. దీనికి మూలం హిరోషి సకురజాకా రాసిన జపనీస్ నవల. ఆటలో చచ్చి మళ్లీ మొదలుపెట్టే అలవాటులోంచే తనకి ఆ ఊహ పుట్టిందని ఆయనే రాశాడు.

మన భాషలోనూ దీనికి దగ్గరి పని ఒకటి జరిగింది. 2019లో తాప్సీ ప్రధాన పాత్రలో తెలుగు, తమిళాల్లో తీసిన 'గేమ్ ఓవర్'. అశ్విన్ శరవణన్ దర్శకుడు. కథానాయిక గేమ్ డిజైనర్, చీకటంటే భయం, చక్రాల కుర్చీలో ఉంటుంది. ఇంటిమీదకి హంతకులు వస్తారు. ఆమెకి ఆటలోలాగే మూడు అవకాశాలు. మొదటిసారి ఓడిపోతుంది. రెండోసారి వాళ్లు ఎటునుంచి వస్తారో ఆమెకి తెలుసు, మనకీ తెలుసు. పెద్ద హంగులేమీ లేకుండా ఓ ఇల్లు, ఓ కుర్చీ, కొద్దిమంది మనుషులతో మూడు లైఫ్‌ల టెన్షన్ ఏమిటో చూపించారు. ఏ పేరున్న ఆటకీ హక్కులు కొనలేదు. అయినా ఆ చివరి అరగంట చూస్తున్నప్పుడు, చిన్నప్పుడు ఆఖరి లైఫ్ మిగిలి ఉండగా జాయ్‌స్టిక్ పట్టుకున్న వేళ్ల బిగువు నాకు మళ్లీ తెలిసింది.

ఎవరి మొహం?

ఆటలో హీరో చాలాసార్లు ఖాళీ చొక్కా. వేసుకునేది మనం. అందుకే పాత డూమ్ ఆట హీరోకి పేరు కూడా లేదు. 'హేలో' ఆటల్లో హీరో మాస్టర్ చీఫ్ హెల్మెట్ తీసి మొహం చూపించడు. 2022లో దాన్ని సిరీస్‌గా తీసినప్పుడు మొదటి ఎపిసోడ్‌లోనే హెల్మెట్ తీయించారు. నటుడి మొహం లేకుండా కథ నడపడం కష్టమన్నది వాళ్ల ఇబ్బంది, అది నాకు అర్థమవుతుంది. కానీ అభిమానులకి అది తమ మొహం మీద ఇంకొకరి మొహం అతికించినట్టు అనిపించింది.

దీనికి సినిమావాళ్లు కనిపెట్టిన విరుగుడు ఆటలో లేని కొత్త పాత్ర. ఇది ఒకచోట పనిచేసింది, ఇంకోచోట బెడిసికొట్టింది. 2002లో మొదలైన 'రెసిడెంట్ ఈవిల్' సినిమాల్లో మిల్లా యోవోవిచ్ వేసిన ఆలిస్ ఆటల్లో ఎక్కడా లేదు. ఆటగాళ్లు సణిగారు. అయినా 2016 దాకా ఆరు సినిమాలు వచ్చి, మొత్తం 120 కోట్ల డాలర్లకు పైగా తెచ్చాయి. ఆలిస్ కోసమే వచ్చే వేరే ప్రేక్షకుల్ని ఆ సినిమాలు సొంతంగా తయారుచేసుకున్నాయి. ఒక్కో పాత్రని ఎంచుకుని టోర్నమెంట్‌లో కొట్లాడే ఆట మీద తీసిన 2021 'మోర్టల్ కాంబాట్'లో అలాగే కోల్ యంగ్ అనే కొత్తవాడిని మధ్యలో పెట్టారు. ఎవరికీ పట్టలేదు. ఎందుకంటే మోర్టల్ కాంబాట్ అంటేనే ఆ పాత్రల పట్టిక. ఎవర్ని ఎంచుకుంటావు అన్నదే ఆటలో మొదటి ప్రశ్న. స్కార్పియన్‌నీ సబ్‌జీరోనీ చూడ్డానికి వచ్చినవాడికి ఊరూపేరూ లేని కోల్ ఇంటి సంగతులు చెబితే ఏం కావాలి? పైగా ఆ సినిమాలో అసలు టోర్నమెంటే జరగదు. 1995లో 12 కోట్ల డాలర్లు తెచ్చిన పాత మోర్టల్ కాంబాట్‌ని చూడండి. ఆట పేరుమోసిందే నెత్తురుకి, సినిమాలో ఆ నెత్తురు లేదు. అయినా ముగ్గురు మనుషుల్ని పడవెక్కించి, దీవికి తీసుకెళ్లి, వరసగా కొట్లాడించింది. ఆటలో ఉన్నది అదే. ఇష్టపడ్డారు.

అలాగని ఆటలో ఉన్నది ఉన్నట్టు తీయమని కాదు నేననేది. మన పౌరాణికాలు చూసి పెరిగినవాళ్లకి ఈ తేడా బాగా తెలుసు. శశిరేఖా పరిణయం వ్యాస భారతంలో లేదు. అయినా 1957 నుంచి ఇప్పటిదాకా 'మాయాబజార్' చూసి ఇది భారతం కాదని తగువుకి వచ్చినవాడు లేడు. కృష్ణుడు కృష్ణుడిలాగే ఉన్నాడు, ఘటోత్కచుడు ఘటోత్కచుడిలాగే నవ్వాడు. సంఘటన కొత్తది, స్వభావం పాతది. 1993లో వచ్చిన మొదటి మారియో సినిమా సరిగ్గా దీనికి తలకిందులుగా చేసింది. పేర్లన్నీ ఉన్నాయి. కానీ ఆ రంగుల లోకం పోయి, డైనోసార్ల నుంచి పుట్టిన మనుషులుండే ఓ చీకటి నగరం వచ్చింది. 4.8 కోట్ల డాలర్లు పెడితే అమెరికాలో 2.1 కోట్లే వచ్చాయి. మారియోగా వేసిన బాబ్ హోస్కిన్స్ తర్వాత్తర్వాత తను చేసిన పనులన్నిట్లో అదే అధమమని చెప్పుకున్నాడు.

సోనిక్ అనే ఆట మీద తీసిన సినిమా కథ దీనికి రెండో కొస. 2019 ఏప్రిల్ చివర్లో ట్రైలర్ రాగానే ఆ నీలం రంగు ముళ్లపందికి మనుషుల పళ్లు చూసి జనం హడలిపోయారు. దర్శకుడు జెఫ్ ఫౌలర్ రెండు మూడు రోజుల్లోనే మారుస్తామని మాటిచ్చాడు. నవంబర్‌లో రావాల్సిన సినిమాని 2020 ఫిబ్రవరికి జరిపి, బొమ్మని మళ్లీ మొదటి నుంచి గీశారు. సినిమా హిట్, తర్వాత ఇంకో రెండు భాగాలు. కథగా చూస్తే ఆ మొదటి భాగం చాలా మామూలుది. కానీ చెబితే విన్నారు అనే తృప్తి టికెట్ కొనడానికి ముందే అభిమానులకి అందేసింది. నాకు తెలిసి, ఆట ఆడేవాడి మనసుకి దగ్గరగా వచ్చిన పని అది. వాళ్లు బటన్ నొక్కారు, తెర మీద ఏదో మారింది.

తుపాకీ పక్కన పెట్టినప్పుడు

సినిమా కాకపోయినా, 'ది లాస్ట్ ఆఫ్ అస్' సిరీస్ గురించి చెప్పకుండా ఈ చర్చ ముందుకు పోదు. 2013 ఆటలో బిల్ అనే మొండి మనిషి ఉంటాడు. అతని ఊరి నిండా ఉచ్చులు, వ్యాధి సోకి మనుషుల మీద పడేవాళ్లు. ఆటగాడు ఆ ఘట్టం మొత్తం కొట్లాడుతూనే దాటాలి. బిల్ సహచరుడు ఫ్రాంక్ మనకి దొరికేసరికే ఉరేసుకుని ఉంటాడు, బిల్ మీద కసితో రాసిన చీటీ వదిలి. 2023లో క్రెయిగ్ మేజిన్, ఆ ఆట సృష్టికర్తల్లో ఒకరైన నీల్ డ్రక్‌మన్‌తో కలిసి దీన్ని సిరీస్‌గా చేసినప్పుడు, మూడో ఎపిసోడ్‌లో ఆ పోరాటాన్ని దాదాపు తీసేశారు. దాని బదులు బిల్, ఫ్రాంక్ కలిసి ముసలివాళ్లయ్యే ప్రేమకథ పెట్టారు. కొందరు ఆటగాళ్లకి కోపమొచ్చింది. చాలామంది ఏడ్చారు.

ఇందులో నాకు కనపడే తెలివి ఏమిటంటే, చేత్తో చేసే పనిని ఆటకే వదిలేశారు. తుపాకీ పేల్చడం ఆటలో కంటే బాగా ఏ సినిమా ఇవ్వలేదు. కానీ ఆటలో బిల్ ఇంటి తలుపు వెనక ఏళ్లు ఎలా గడిచాయో చూడ్డానికి మనకి కుదరదు, ఎందుకంటే మనం ఆడించే హీరో జోయెల్‌లో మనం బందీలం. కెమెరాకి ఆ గోడ లేదు. అది ఇంకొకరి ఇంట్లోకి వెళ్లి కూర్చోగలదు. ఆట చేయలేనిది చేయడమే సినిమా ఇచ్చే పరిహారం. లాక్కున్న జాయ్‌స్టిక్‌కి బదులు చేతిలో ఏదో ఒకటి పెట్టాలి కదా. 2024 'బోర్డర్‌ల్యాండ్స్' లాంటివాటిలో కేట్ బ్లాంచెట్ అంత నటి ఉండి, పది కోట్ల డాలర్లకు పైగా ఖర్చుపెట్టి, మూడు కోట్ల పైచిలుకు దగ్గర ఆగిపోవడానికి కారణం అదే అనుకుంటాను. ఆటలోని రంగులూ తుపాకులూ తెచ్చారు, బదులుగా ఏమీ పెట్టలేదు.

చూడ్డమే తప్పయితే యూట్యూబ్‌లో ఇంకొకరు ఆడుతుంటే గంటల తరబడి చూసే లక్షలమంది ఎలా ఉన్నారు అని అడగొచ్చు. ఆ ఆడేవాడు ఓడిపోవచ్చు, అదీ తేడా. పైగా చూసేవాళ్లు పక్కన కామెంట్లు పెడుతూ, అటు కాదురా ఇటు అంటూ, సగం ఆడేస్తుంటారు. మా అన్న పక్కన కూర్చుని నేను చేసింది అదే. తను చివరి కోట దాటిన రోజున నేనూ అరిచాను, నాకేమీ లోటు అనిపించలేదు.

2025లో మైన్‌క్రాఫ్ట్ సినిమా అమెరికాలో విడుదలైనప్పుడు జరిగిన గోల ఇలాంటిదే. కోడి మీద చిన్న జాంబీ ఎక్కి వచ్చే సీను ఒకటుంది. ఆటలో అది చాలా అరుదుగా కనపడుతుంది. తెర మీద జాక్ బ్లాక్ దాని పేరు అరవగానే కుర్రాళ్లు లేచి కేకలు వేస్తూ పాప్‌కార్న్ విసిరేశారు. కొన్ని హాళ్లలో యాజమాన్యాలు హెచ్చరికలు పెట్టాల్సి వచ్చింది. హాలు ఊడ్చేవాళ్ల కష్టం తలుచుకుంటే అది మంచి పని కాదు. కానీ ఆ పిల్లలు ఏం చేశారో నాకు అర్థమైంది. సినిమా ఆ పిల్లలకి బటన్ ఇవ్వలేదు, వాళ్లే ఒకటి తయారుచేసుకున్నారు.

ఆ సినిమాకి హైదరాబాద్‌లో మా అక్క కొడుకుని, మా అమ్మని తీసుకెళ్లాను. వాడికి తొమ్మిదేళ్లు. సినిమా మొదలైన దగ్గర్నుంచి నా చెవిలో కబుర్లే. "మామయ్యా, ఆ ఆకుపచ్చది దగ్గరికొస్తే పేలిపోతుంది చూడు." అటు తిరిగి మళ్లీ వాళ్ల అమ్మమ్మకి అదే చెప్పేవాడు. ముందు వరసలో ఎవరో వెనక్కి తిరిగి చూశారు గానీ ఏమీ అనలేదు, వాళ్ల పిల్లాడూ అదే పనిలో ఉన్నాడు. బయటికొచ్చాక బాగుందా అని అడిగితే బాగుందన్నాడు. ఆటో ఎక్కేలోపే ఏమేం తప్పులున్నాయో వేళ్ల మీద లెక్కపెట్టాడు. నాకు ఆరు గుర్తున్నాయి, వాడికి ఇంకా చాలా ఉన్నాయి.

ఇంటికి రాగానే నా ఫోన్ తీసుకున్నాడు. ఆడుకుంటాడు కాబోలు అనుకున్నాను. మా అమ్మ పక్కన చేరి ఫోన్ ఆవిడ చేతిలో పెట్టి, ఆటలోని ఒక చెట్టు ముందు నిలబెట్టి, ఆవిడ బొటనవేలు పట్టుకుని తెర మీద ఆనించాడు.

"నొక్కి పట్టుకో అమ్మమ్మా. వదలకు, వదలకు."

మా అమ్మ ఊపిరి బిగబట్టి, ఆ దుంగ విరిగేదాకా వేలు తీయలేదు.